వాలు చూసి ఆపే జీపు

గోదావరి చుట్టుపక్కల కరెంటు పుట్టే చోట్లు రెండే. ఒకటి పాల్వంచ థర్మల్ స్టేషన్, రెండోది మా తాత భద్రు నాయక్ జీపు. స్టేషన్‌కు రైళ్లకొద్దీ బొగ్గు కావాలి, చెరువులకొద్దీ నీళ్లు కావాలి, షిఫ్టుల వారీగా మనుషులు కావాలి. మా తాతకు ఒక బీడీ చాలు. ఆయన స్టీరింగు మీద చెయ్యి వేస్తే ఇంజను దానంతటదే మేలుకుంటుందనీ, హారన్ కొడితే అడవిలో నెమళ్లు వరుసగా నిలబడి దారి ఇస్తాయనీ, ఆయన వంతెన ఎక్కితే కింద గోదావరి కూడా కాస్త నెమ్మదించి చూస్తుందనీ తండాలో ఎవరిని అడిగినా చెబుతారు. కాకపోతే ఆ జీపును ఒక్కసారి కూడా వెనకనుంచి తొయ్యని మనిషిని వెతికి అడగాలి. అలాంటి మనిషి తండాలో దొరకడం ఈ మధ్య కష్టమైంది.

భద్రు తండా పాల్వంచ నుంచి భద్రాచలం పోయే రోడ్డుకు లోపలగా ఉంటుంది. పొద్దున్నే జీపు తీసి, గోదావరి వంతెన దాటి, భద్రాచలం ఊరు దాటి, అవతల అడవి పల్లెలకు పోతాడు. అక్కడి మనుషుల్ని, వాళ్ల మూటల్ని ఎక్కించుకొని భద్రాచలంలో దింపుతాడు. సాయంత్రం మళ్లీ వాళ్లను ఊళ్లకు చేరుస్తాడు. బస్సు పోని దారులు అవి. ఒకవేళ పోయినా, బస్సు టైముకు మనుషులు తయారుగా ఉండాలి. భద్రు జీపైతే మనుషులు తయారయ్యేదాకా ఆగుతుంది. తల నెరవక ముందు నుంచీ ఆయన పని ఇదే.

జీపుకు వచ్చిన జబ్బు అర్థం కావడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఇంజను తిరుగుతుంటే దాని బెల్టు పట్టుకొని పక్కనే గుండ్రటి ఇనుప సామాను ఒకటి తిరుగుతుంది. చదువుకున్నవాళ్లు దాన్ని ఆల్టర్నేటర్ అంటారు, భద్రు డైనమా అంటాడు. తిరిగినంతసేపూ అది కరెంటు పుట్టించి బ్యాటరీని నింపాలి. భద్రు జీపులో అది తిరిగేది, నింపేది కాదు. డీజిల్ బండి కాబట్టి ఒకసారి లేచిన ఇంజను బ్యాటరీ చచ్చినా నడుస్తూనే ఉంటుంది. ఆపితేనే చిక్కు. మళ్లీ లేవాలంటే వెనకనుంచి మనుషులైనా తొయ్యాలి, ముందర పల్లమైనా ఉండాలి.

అందుకని భద్రు ఇంజను ఆపడం మానేశాడు. సద్దిమూట విప్పి తింటున్నా ఇంజను తిరుగుతూనే ఉండేది. ఎవరి ఇంటికన్నా పరామర్శకు పోతే, వాకిట్లో జీపు గుర్రుమంటుంటే లోపల ఏడ్చేవాళ్లు కాస్త గట్టిగా ఏడవాల్సి వచ్చేది. తప్పనిసరిగా ఆపాలంటే వాలు చూసి ఆపేవాడు. భద్రాచలంలో ఏ వీధి ఎటు వాలి ఉందో పంచాయతీ వాళ్లకన్నా ఆయనకే బాగా తెలుసు. దవాఖానా దగ్గర దింపమంటే గేటు దాటించి, ఎగువన మిట్ట మీద దింపేవాడు. జ్వరమొచ్చిన మనిషి కిందికి నడిచి పోవాల్సిందే. గిరిజనుల పనులు చూసే ఐటీడీఏ ఆఫీసుకు పోవాలంటే, "అక్కడ నేల సదునుగ ఉంటది, నేను రాను" అనేవాడు.

ఈ తోపుడంతా ఎక్కువగా పడింది జంపక్క మీద. ఆమెది అడవి లోపలి కోయ పల్లె. చింతపండు, అడ్డాకులు, ఎండాకాలమైతే ఇప్పపువ్వు మూటగట్టుకొని భద్రాచలం సంతకు వచ్చేది. భద్రు కన్నా నాలుగేళ్లు పెద్దదో చిన్నదో ఇద్దరికీ తెలియదు. ఎవరికి అవసరమైనప్పుడు వాళ్లు పెద్దవాళ్లమని చెప్పుకునేవాళ్లు.

"ఓ నాయక్, కిరాయి నేను నీకియ్యాల్నా, నువ్వు నాకియ్యాల్నా?" అని అడిగేది ఆమె, జీపు వెనక చేతులు ఆనించి.

"ఎక్కినందుకు నువ్వియ్యాలె. నూకినందుకు పుణ్యం వస్తది, అది ఉంచుకో."

"పుణ్యం నా దగ్గర శానా ఉన్నది. సంతల అమ్ముకుందామంటే కొనేటోడు లేడు."

అంటూనే తోసేది. జీపు లేవగానే భద్రు ఆపడు కదా, నడుస్తున్న జీపును పట్టుకొని చీర కుచ్చిళ్లు ఎత్తి ఎక్కేది. ఆ వయసులో అంత చురుగ్గా బండి ఎక్కే మనిషి అడవి పల్లెల్లో ఇంకొకరు లేరు. దానికి కారణం తన జీపేనని భద్రు గొప్ప చెప్పుకునేవాడు.

భద్రు తండ్రి బిచ్యా ఎడ్లబండి మనిషి. ఎద్దు కన్ను చూసి కడుపులో ఏముందో చెప్పేవాడట. బండి మీద పనికిరాని తాడు ముక్క కూడా ఉండనిచ్చేవాడు కాదట. ఎద్దు ఊరికే మోసే బరువు ఏదైనా యజమాని చేసిన పాపమే అని ఆయన లెక్క. భద్రు ఎడ్ల మీద నిలవలేదు. మీసాలు రాకముందే వెదురు లారీ మీద క్లీనర్‌గా ఎక్కాడు, తర్వాత అదే లారీకి డ్రైవరయ్యాడు. అడవిలో వెదురు నరకడం తగ్గి, లారీ యజమాని వ్యాపారం మానుకున్నాక ఈ జీపు తెచ్చుకున్నాడు. తెచ్చుకున్నాడే గానీ దాన్ని ఎద్దులాగే చూశాడు. పొద్దున్నే బానెట్ ఎత్తి లోపల మొహం పెట్టి వాసన చూస్తాడు. చక్రం మీద చరుస్తాడు. ఎత్తు ఎక్కేటప్పుడు నోటితో అదిలిస్తాడు. జీపు మూలిగితే ఎక్కడ నొప్పో తనకు తెలుస్తుందని ఆయన నమ్మకం. తెలియనప్పుడు కూడా ఆ నమ్మకం తగ్గలేదు.

ఆయన భార్య సక్రికి ఈ జీపుతో ఉన్న సంబంధమల్లా దేవుడు. కిందటేడు తండావాళ్లతో కలిసి పోహ్రాదేవి యాత్రకు పోయి, తండాల గురుదేవుడు సేవాలాల్ మహరాజ్ పటం చిన్నది ఒకటి తెచ్చింది. జీపులో అప్పటికే భద్రాచలం రాముడు ఉన్నాడు. ఆయన పక్కన సేవాలాల్‌ను అతికించి, కాసేపు చూసి, మొగుడితో అంది:

"ఇంట్ల దీపం పెట్టకుండ నేను ముద్ద మింగను. ఈడ దేవుడు చీకట్ల కూసోవాల్నా?"

"నడిచే బండిల నూనె దీపం ఎట్ల పెడతవే?"

"నువ్వు అంత పెద్ద డ్రైవర్‌వు. నన్ను అడుగుతవేంది?"

ఆ మాట భద్రుకు తగిలింది. మర్నాడు కూర్చొని పటం ముందు చిన్న బల్బు ఒకటి అమర్చాడు. తాళం తిప్పగానే వెలిగేట్టు వైరు కలిపాడు. బల్బు కొనలేదు. జీపులోనే ఖాళీగా ఉన్న ఒకదాన్ని పనిలో పెట్టాడు. బిచ్యా చూసి ఉంటే మెచ్చుకునేవాడని కూడా అనుకున్నాడు. దేవుడి మొహం వెలగడం చూసి సక్రి తృప్తి పడింది. ఎక్కినవాళ్లంతా దండం పెట్టుకునేవాళ్లు. జంపక్క మాత్రం, "మీ ఇద్దరు దేవుళ్ల నడుమ మా సమ్మక్కకు జాగ లేదా?" అని అడిగి, రాముడికీ సేవాలాల్‌కూ మధ్య చిటికెడు బెల్లం పెట్టి, దాన్నే సమ్మక్క అంది. బెల్లాన్ని చీమలు తిన్నాయి. జాగా మాత్రం సమ్మక్కదే.

జబ్బు మొదలైంది ఆ తర్వాతే. కానీ యాత్రకూ జబ్బుకూ ముడిపెట్టడం ఎవరికి తోస్తుంది?

భద్రాచలంలో ఆటో ఎలక్ట్రీషియన్ రమణ షాపు ఉంది. వయసులో భద్రు కొడుకంత ఉంటాడు. ఓపిక గలవాడు. మొదటిసారి జీపు తీసుకుపోయినప్పుడు అతను అడగాల్సిందే అడిగాడు.

"బండి నడుస్తుంటే మీటర్‌ల ఎర్రలైటు వస్తుందా నాయక్?"

"రాదు."

"రాకపోతే మంచిదే. డైనమా పని చేస్తున్నట్టు లెక్క."

భద్రు చెప్పింది నిజమే. ఎర్రలైటు రాలేదు. అసలు రాదు. ఆ తేడా అడగాలని రమణకు తోచలేదు, చెప్పాలని భద్రుకు తోచలేదు. రమణ ఇంజనును గట్టిగా రేస్ చేసి, బ్యాటరీకి మీటరు పెట్టి చూశాడు. ముల్లు చక్కగా పైకి లేచింది. బెల్టు కొంచెం వదులుగా ఉందని బిగించి పంపాడు.

ఆ వారం భద్రు పాల్వంచ పోయాడు. కొడుకు కోటేష్ అక్కడ థర్మల్ స్టేషన్‌లో పని చేస్తాడు, కంపెనీ కాలనీలోనే ఉంటాడు. మంచి రోడ్డు, వేగంగా పోయాడు. కోటేష్ ఇంటి ముందు ధైర్యంగా ఇంజను ఆపాడు. తిరిగి తాళం తిప్పితే ఒక్క గుటకలో లేచింది. "రమణ మంచోడు" అని దారిపొడుగునా అనుకుంటూ వచ్చాడు. మర్నాడు అడవి దారిన గుంటల్లో, ఇసుకలో, వాగుల్లో నెమ్మదిగా పోయి, జంపక్క ఊళ్లో ఆపి మళ్లీ తాళం తిప్పితే ఇంజను టక్ మని ఊరుకుంది.

రెండోసారి రమణ డైనమా విప్పి లోపలి కార్బన్ బ్రష్‌లు మార్చాడు. అరిగినవి అరిచేతిలో పెట్టి చూపించాడు కూడా. మూడోసారి, కరెంటు ఎక్కువ తక్కువ కాకుండా చూసే కటౌట్ మార్చాడు. ఆ తర్వాత బ్యాటరీ నుంచి బాడీకి వచ్చే ఎర్తు వైరు తీసి, తుప్పు గీకి బిగించాడు. చివరికి ఏదో పాత బండిలోంచి మొత్తం డైనమానే తెచ్చి మార్చాడు. ప్రతిసారీ షాపులో రేస్ చేస్తే ముల్లు లేచేది. ప్రతిసారీ పాల్వంచ రోడ్డు మీద జీపు బంగారంలా ఉండేది. ప్రతిసారీ అడవిలో చచ్చేది.

దీని మీద తండాలో ఎవరి ఆలోచన వాళ్లు చెప్పారు. జీపు అడవికి భయపడుతోందన్నారు. దిష్టి అన్నారు. భద్రు మాత్రం బాగా ఆలోచించి రెండు సంగతులు తేల్చాడు. ఒకటి, కొడుకును చూడటానికి పోతున్నానంటే జీపుకు ఉషారు. రెండు, రమణ దొంగ. మొదటిది తనలో ఉంచుకున్నాడు. రెండోది భద్రాచలంలో ఉన్న ప్రతి చాయ్ హోటల్లోనూ చెప్పాడు.

రమణ చెవిన పడకుండా ఎలా ఉంటుంది? ఒకరోజు షాపు ముందు జీపు కనబడగానే అతనే బయటికి వచ్చాడు.

"నాయక్, నేను దొంగనా?"

"నేనన్నది నీకెవరు చెప్పిండ్రు?"

"హోటల్‌ల సర్వర్ చెప్పిండు. రోజు చెప్తుండు."

"ఐతే రోజు వింటున్నవ్ గద, మంచిగ చేయొచ్చు గద."

"నా పని మంచిగనే ఉన్నది. నువ్వు రాత్రి లైట్లు ఆర్పకుండ పండుకుంటవ్. ఏ డైనమా పెట్టినా గంతే."

అంతటితో ఇద్దరికీ మాటలు లేవు. జీపు ఆ షాపు ముందు నుంచి పోయేటప్పుడు భద్రు తల అటువైపు తిప్పేవాడు కాదు. ఆ వీధి మంచి వాలు అయినా సరే అక్కడ ఆపేవాడు కాదు.

వానాకాలంలో ఒక సాయంత్రం సంత నుంచి మనుషుల్ని ఎక్కించుకొని అడవి దారిన పోతున్నాడు. వాన మొదలైంది. వైపర్లు వేస్తే లైట్లు తగ్గాయి, లైట్లు పెంచుదామంటే వైపర్లు నిలబడ్డాయి. కాసేపటికి లైట్లు బీడీ నిప్పులంత మిగిలాయి. జంపక్క పక్క సీట్లోంచి చెయ్యి బయటికి చాపి, సెల్‌ఫోన్ టార్చి వేసి దారి చూపించింది. "ఎడమకు పో, ఎడమకు పో" అంటూ ఉంది. మలుపులో ఎదురుగా బస్సు వచ్చింది. భద్రు హారన్ కొట్టాడు. హారన్ దగ్గు మాత్రం దగ్గింది. బస్సు డ్రైవరు ఆఖరు క్షణంలో టార్చి చూసి బస్సును పక్కకు కోసి పోయాడు. జీపు పక్కకు జారి బురదలో దిగబడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. జంపక్క నూనె సీసా పగిలింది. ఆ రోజు ఆమె తిట్టకపోవడం చూసి భద్రుకు బస్సును చూసినప్పటి కన్నా ఎక్కువ భయం వేసింది.

ఆ బస్సులో కోటేష్ ఉండే కాలనీ మనిషి ఒకాయన ఉన్నాడు. మర్నాడు మధ్యాహ్నానికి కోటేష్ షిఫ్టు దిగి, బట్టలైనా మార్చుకోకుండా తండాకు వచ్చాడు. జీపు కాగితాలు అతని పేరు మీదే ఉన్నాయి. ఉద్యోగం ఉన్నవాడని అప్పట్లో అలా రాయించారు. ఇన్నేళ్లలో అతను ఆ సంగతి ఎత్తింది లేదు. ఆ రోజు ఎత్తాడు.

"బాపు, ఇగ చాలు. అమ్మేద్దాం."

"ఏం చాలు? ఎవ్వరికి దెబ్బ తాకలే."

"తాకినంక మాట్లాడుకుందామా?"

"రమణగాడు సక్కగ చేసి ఉంటే..."

"రమణ సక్కగ చేయలే. బ్యాటరీ అమ్మినోడు దొంగ. రోడ్డు ఏసినోడు దొంగ. అందరు దొంగలే, బండి ఒక్కటే మంచిది. గంతేనా?"

"బండి మంచిదే."

"మంచిగున్నప్పుడే అమ్ముదాం. పాల్వంచల మంగీలాల్‌తోని మాట్లాడిన. వచ్చే ఆదివారం తెచ్చియ్యి."

మంగీలాల్ వాళ్లకు దూరపు చుట్టం, పాత బండ్లు కొని విప్పి అమ్ముతాడు. భద్రు బీడీ వెలిగించాడు, అది ఆరిపోయింది, మళ్లీ వెలిగించలేదు. అమ్మితే ఏం చేస్తాడో ఆయనకు తెలియదు. చేనుంది, ఒకరి చేతికి సరిపోయేంత పని ఉంది. కానీ భద్రు పొద్దున్నే లేచి వాసన చూడటానికి చేను బానెట్ ఎత్తదు కదా. జంపక్క వాళ్ల ఊళ్లో భద్రును చూడగానే పిల్లలు ఆయన పేరు పిలవరు, "జీపు, జీపు" అని అరుస్తారు. జీపు లేని భద్రును ఏమని పిలుస్తారో?

శనివారం పొద్దున సక్రి వాకిట్లో నిప్పులు చేసి, వాటి మీద నెయ్యి, బెల్లమన్నం వేసి సేవాలాల్‌కు భోగ్ పెట్టింది. పొగ లేచాక జీపు దగ్గరికి వచ్చింది.

"దేవుణ్ణి గూడ అమ్ముతున్నవా?"

"నేనెక్కడ అమ్ముతున్న? నీ కొడుకు అమ్ముతుండు."

"మా సేవాలాల్ బాపును గాడ విప్పి అమ్ముతరు. తీసి ఇయ్యి."

భద్రు పటాన్ని ఊడదీసి ఇచ్చాడు. ఆమె కొంగులో పెట్టుకొని లోపలికి పోయింది. ముందర ఖాళీ బల్బు వైరుకు వేలాడుతూ మిగిలింది. దాన్ని చూస్తే భద్రుకు తండ్రి గుర్తొచ్చాడు. ఎద్దును అమ్మేటప్పుడు ఏ కాలు కుంటుతుందో బిచ్యా తనే చెప్పి అమ్మేవాడు, దాచేవాడు కాదు. జీపు ఇంకొకరి చేతికి పోతుందంటే, తాను పీకింది పీకినట్టు వదిలేయడం భద్రుకు బాగనిపించలేదు. బల్బును వైరు నుంచి విడదీసి, దాని పాత చోట్లో, మీటర్ల వెనక పెట్టేశాడు. అది ఎర్రలైటు బల్బు. తాళం తిప్పితే వెలిగి, ఇంజను లేవగానే ఆరిపోయేది. బండి కొన్న రోజు నుంచీ దాన్ని చూస్తే ఆయనకు చిరాకే. వస్తుంది, పోతుంది, పని చెయ్యదు. అందుకే యాత్ర అయ్యాక దాన్ని పీకి దేవుడి ముందు పనిలో పెట్టాడు.

ఆ రోజు సంత. ఆఖరి ట్రిప్పు. తండా పిల్లలు తోస్తే జీపు లేచింది. మసకగా వెలుగుతున్న ఎర్రలైటు ఆరిపోయింది. "వచ్చినవా, పోయినవా" అన్నాడు భద్రు దానితో.

సాయంత్రం జంపక్కను ఊళ్లో దింపాడు. ఆమె దిగి, ఇంజను పక్కన నిలబడి, చేత్తో ఆపమన్నట్టు సైగ చేసింది.

"ఆపు నాయక్. ఇన్నేండ్లు ఈ గుర్రుల నడుమనే మాట్లాడుకున్నం. ఒక్కనాడన్న సప్పుడు లేకుండ జావ తాగిపో."

"ఆపితే లేవదు."

"నూకేటోళ్లం సచ్చిపోయినమా?"

భద్రు ఆపాడు. అరుగు మీద కూర్చొని జావ తాగాడు. నిజానికి పెద్దగా మాట్లాడుకున్నది లేదు. ఊరంతా అంత నిశ్శబ్దంగా ఉంటుందని ఆయనకు తెలియదు. లేచి జీపెక్కాక జంపక్క, ఆమె కోడళ్లు, ఇంకో నలుగురు వెనక చేతులు ఆనించారు. భద్రు అలవాటుకొద్దీ తాళం తిప్పాడు. ఇంజను ఒక్క గుటకలో లేచి ముందుకు దూకింది. వెనక చేతులు ఆనించినవాళ్లలో ఇద్దరు బోర్లా పడ్డారు. ఒకరు ఇంకొకరి మీద పడ్డారు.

"ఏందిది నాయక్, చెప్పి లేపొద్దా?" అంది జంపక్క మోచేతి మట్టి దులుపుకుంటూ.

భద్రు హారన్ కొట్టాడు. చెట్ల మీది పిట్టలు లేచాయి. లైట్లు వేశాడు. ఎదుటి గుడిసె గోడ తెల్లగా వెలిగింది. ఇంజను ఆపాడు. మళ్లీ తిప్పాడు, లేచింది. అడవిలో, ఇంత నెమ్మదిగా నడిచి వచ్చిన తర్వాత ఇలా లేచి ఏడాది అవుతోంది. పొద్దుటి నుంచి మారింది ఏమిటని ఆలోచించాడు. రమణ ముట్టుకోలేదు. ఎవరూ ముట్టుకోలేదు. తానొక్కడే ముట్టుకున్నాడు.

ఇంజను ఆపి, మీటర్ల వెనక చెయ్యి పెట్టి బల్బు పీకాడు. ఇంజను లేపి లైట్లు వేశాడు. గోడ మీది వెలుగు పసుపుపచ్చగా కుంగింది. ఇంజను ఆపి, బల్బు పెట్టి మళ్లీ లేపాడు. వెలుగు తెల్లబడింది. ఇంకోసారి పీకాడు, ఇంకోసారి పెట్టాడు.

"ఏం పని నాయక్ అది, పెట్టుడు తీసుడు?" అని అడిగింది జంపక్క.

"నా బుద్ధి సూస్కుంటున్న" అన్నాడు భద్రు.

ఆదివారం పాల్వంచలో మంగీలాల్ షెడ్డు ముందు కోటేష్ నిలబడి ఉన్నాడు. భద్రు జీపు దిగి, తాళం చేతిలోనే పెట్టుకున్నాడు.

"అమ్మేది లేదు. బండి బాగైంది."

కోటేష్ నిట్టూర్చాడు. "గిట్ల ఎన్నిసార్లు చెప్పినవ్ బాపు? బెల్టు బిగించినంక బాగైందన్నవ్. బ్రష్‌లు మార్చినంక బాగైందన్నవ్. పాల్వంచ రోడ్డు మీద బాగనే ఉంటది. అడవిల ఏమైతది?"

"అడవిల గూడ బాగైంది."

"ఎట్ల?"

అక్కడే ఉంది చిక్కు. దారిపొడుగునా భద్రు దాని గురించే ఆలోచిస్తూ వచ్చాడు. బాగైందని చెబితే కొడుకు నమ్మడు, జీపు పోతుంది. ఎందుకు బాగైందో చెబితే నమ్ముతాడు. కానీ అప్పుడు ఏడాదిగా భద్రాచలం హోటళ్లలో తాను చెప్పిందంతా తన నెత్తినే పడుతుంది. మంగీలాల్ చాయ్ గ్లాసు పట్టుకొని వింటున్నాడు. తండాలో ఏ పెళ్లి జరిగినా వచ్చే మనిషి, విన్నది ఊరికే కడుపులో పెట్టుకునే రకం కాదు.

"ఎర్రలైటు బల్బు పీకిన" అన్నాడు భద్రు. "మీ యాడి దేవునికి దీపం కావాలన్నది. ఖాళీగున్నదని అది తీసి పెట్టిన. నిన్న మళ్ల దాని జాగల అది పెట్టిన. బాగైంది."

కోటేష్ బానెట్ దగ్గరికి పోయి, మళ్లీ వెనక్కి వచ్చాడు.

"బాపు, మా స్టేషన్‌ల ఇంత పెద్ద జనరేటర్ ఉంటది. దానికి గూడ ముందుగాల కొంచెం కరెంటు మేమే ఇయ్యాలె. ఇయ్యకపోతే ఎంత తిప్పినా ఏం పుట్టది. ట్రైనింగ్‌ల చెప్పిండ్రు. నీ డైనమాకు ఆ కొంచెం కరెంటు పోయేది ఆ బల్బు గుండనే."

"మరి పాల్వంచ రోడ్డు మీద ఎట్ల నడిచింది?"

"జోరుగ తిప్పితే దానంతటదే లేస్తది. నెమ్మదిగ పోతే లేవదు. రమణ రేస్ చేసి చూసిండు గద, గందుకే ఆయనకు దొరకలే."

"ఐతే నిన్ను చూద్దామని ఉషారుతోని కాదా?" అన్నాడు భద్రు. కోటేష్‌కు ఆ మాట అర్థం కాలేదు. భద్రు అర్థం చెప్పలేదు.

"అమ్మేదున్నదా లేదా?" అని అడిగాడు మంగీలాల్.

కోటేష్ తండ్రి చేతిలోని తాళం వైపు చూశాడు. "బల్బు పీకనని ఒట్టేస్తే లేదు" అన్నాడు. భద్రు ఒట్టు వెయ్యలేదు. జీపెక్కి తాళం తిప్పాడు. కోటేష్ పక్కన ఎక్కి కూర్చున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు కొడుకును తండాలో దించి, భద్రు ఒక్కడే వంతెన దాటి భద్రాచలం పోయి, రమణ షాపు ముందు, చదును నేల మీద జీపు ఆపాడు. ఇంజను కూడా ఆపాడు. రమణ తల ఎత్తి చూసి, మళ్లీ పనిలో పడ్డాడు. భద్రు చెప్పాల్సింది రెండు మాటల్లో చెప్పాడు. రమణ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగింది.

"అడిగిన గద నాయక్, ఎర్రలైటు వస్తదా అని."

"రాదని చెప్పిన గద."

రమణ నవ్వడానికి కొంత టైం పట్టింది. నవ్వాక, "దొంగ అన్న సంగతి?" అన్నాడు.

"హోటల్‌కు పోదాం పా. సర్వర్‌కు గూడ చెప్త."

చెప్పాడు. సర్వర్‌కూ చెప్పాడు, పక్క బల్లల వాళ్లకూ చెప్పాడు. దాన్ని కూడా గొప్పగానే చెప్పాడు. ఏడాది పాటు భద్రాచలంలో ఎవరికీ దొరకని జబ్బు పెట్టడం మామూలు మనిషి వల్ల కాదన్నట్టు. రమణ ఇంకో కొత్త బల్బు, కొత్త వైరు తీసి, సేవాలాల్‌కు తానే విడిగా దీపం అమర్చి ఇచ్చాడు. సక్రి పటం తెచ్చి పెట్టింది. సమ్మక్క జాగాలో జంపక్క కొత్త బెల్లం పెట్టింది. ఇప్పుడు తొయ్యాల్సిన పని లేదు గనుక, ఆగి ఉన్న బండి ఎక్కడం ఆమెకు చేతకావడం లేదు. కాలు ఎక్కడ పెట్టాలో తడుముకుంటోంది.

ఇదంతా రాసి, మొన్న జీపు నీడన కూర్చున్న తాతకు మొదటి నుంచి చివరిదాకా నేనే చదివి వినిపించాను. బీడీ ఆర్పి, పూర్తిగా విని, ఆయన అన్నాడు:

"నేను కరెంటు పుట్టించలే. ఏడాది ఆపిన. గది ముందుగాల రాయకుండ నెమళ్లు, గోదావరి అని రాసినవ్. ఇంటర్ ఎందుకు ఫేలయినవో ఇప్పుడు సమజైంది."